తలుపుకు ఆనించిన చీపురు

మా ఊరి చివర పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి గది ఉంది. చీకటి పడ్డాక ఆ దారిన ఎవరూ వెళ్లరు. మా ఉత్తర ఫిన్లాండులో డిసెంబరు నెల మధ్యాహ్నం రెండింటికే చీకటి కాబట్టి, అసలు వెళ్లరనే అనుకోండి.

మూడేళ్ల కిందట తౌనో అందులోనే పోయాడు. ఊరందరి ఇంటర్నెట్టునీ నడిపే కంప్యూటరు అక్కడుంది, దాన్ని చూసుకునేవాడు. మూడు రోజులు ఎవరూ వెతకలేదు — తలుపుకు చీపురు ఆనించి ఉంది మరి. మా దగ్గర చీపురు ఆనిస్తే లోపల ఎవరూ లేరని అర్థం. పనిలో ఉండగా ఎవరూ పలకరించకూడదని, లోపలికి వెళ్లేముందు తనే పెట్టుకునేవాడట. పెళ్లాంతో కూడా రోజుకు నాలుగే మాటలు. అందులో రెండు కాఫీ గురించి.

గుండె ఆగిందన్నారు. పట్నం వాళ్లొచ్చి, పగలగొట్టిన తలుపు బాగుచేసి, కంప్యూటరుకు పాత కెర్నలే తిరిగి పెట్టి పోయారు.

కెర్నల్ అంటే దాని ప్రాణం అనుకోండి.

మొన్న సైమీ కొత్త కెర్నల్ కడదామని ఆ గదిలో కూర్చుంది. ఇప్పుడు ఆ ఉద్యోగం తనదే. కట్టేముందు కంప్యూటరు ఒక్కో ప్రశ్నే వేస్తుంది — ఇది కావాలా, వద్దా? పక్కనే ‘వివరణ’ అని ఉంటుంది. తెరిస్తే... “వివరణ లేదు. తెలియకపోతే వద్దు అనండి.”

వందసార్లు తెరిచింది. విసుగొచ్చి, తెరవడం మానేసి, తెలియనివాటికల్లా వద్దంటూ పోయింది. పెళ్లి సంబంధాల విషయంలోనూ అంతే చేసింది లెండి.

కొత్త కెర్నల్‌తో కంప్యూటరు లేచింది. తలుపు తాళం టక్కున పడింది... హీటరు ఆగింది.

రెండూ దాని చేతిలోవే. ఫోను కూడా. బయట మైనస్ ముప్పై.

సరిగ్గా అప్పుడే, గతిలేక, నేను ఆ దారిన పోతున్నాను. తలుపుకు చీపురు ఉంది. లోపల్నుంచి... దబ్, దబ్.

“ఎవరది... తియ్యండి...”

“నీకో దండం, తౌనో,” అన్నాను.

నేను పరుగెత్తలేదు. కాస్త తొందరగా నడిచానంతే. టోపీ ఎక్కడ పడిందో మాత్రం తెలీదు.

లోపల సైమీ మళ్లీ మొదటి ప్రశ్న నుంచి మొదలుపెట్టింది. ఈసారి ప్రతి వివరణా తెరిచింది. లేదు. లేదు. లేదు... వేళ్లు కొయ్యబారుతున్నాయి. గోడలకు మంచు పడుతోంది.

తెల్లవారుజామున మా ఇంటి తలుపు తట్టింది. కనుబొమల నిండా మంచు.

“నేను తలుపు బాదితే వినబడలేదూ?”

“వినబడిందే తల్లీ. చీపురుంది కదా, లోపల ఎవరూ లేరనుకున్నాను.”

“చీపురా?” నేనిచ్చిన కాఫీ కప్పు కింద పెట్టింది. “నేను పెట్టలేదే...”

నేను లేచి మా తలుపు గడియ వేసొచ్చాను.

“మరి తలుపు ఎలా తెరుచుకుంది?” గుసగుసగా అడిగాను.

“వేల ప్రశ్నల్లో ఒక్కదానికి వివరణ ఉంది.” జేబులోంచి కాగితం తీసింది. రాసుకొచ్చిందట. తౌనో ఒక్కసారే అంత మాట్లాడటం నేనెరగను:

“ఇది తలుపు తాళం. అవును అనండి. నేను వద్దన్నాను. మళ్లీ మొదలుపెట్టాను గానీ... వేళ్లు కదలడం లేదు.”