నాన్న రోజూ పట్టుకెళ్ళేది

అమెరికాలో దసరా ఆదివారమే వస్తుంది. పంచాంగం ఏ వారం చెప్పినా సరే, అమ్మవారు వీకెండ్ దాకా ఓపిక పట్టాల్సిందే. 1984లోనూ అంతే. అట్లాంటా దగ్గర ఒక చిన్న ఊళ్ళో, రెండు బెడ్‌రూముల ఇంట్లో, నళిని ఐదున్నరకే లేచి పులిహోరకి చింతపండు నానబెట్టింది. అత్తగారు అనంతలక్ష్మి అంతకంటే ముందే లేచి కొబ్బరినూనె గిన్నె పట్టుకుని హాల్లో స్టూలు వేసింది.

"ఒరేయ్ మోహనూ, పండగపూట తలంటుకోకుండా పూజలో కూర్చుంటే ఊరుకోను. రా, ఇలా కూర్చో."

"వద్దమ్మా, షాపు తెరవాలి," అన్నాడు కృష్ణమోహన్. ఇంకా ఏడు కాలేదు, అప్పటికే ప్యాంటూ షర్టూ పైన జాకెట్టూ వేసుకుని ఉన్నాడు.

"ఆదివారం పదకొండింటికి కదరా తెరిచేది! ఆగస్టు నుంచి చూస్తున్నా, నాకు తెలీదా? ఇండియా నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారన్నా నీ నెత్తిన చెయ్యి పెట్టనిచ్చావా?"

అతను ఒక నిమిషం తల్లి మొహం చూసి, బెడ్‌రూంలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చాలాసేపటికి లుంగీ కట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు వైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడ నూనె మర్దనా చేస్తున్నంతసేపూ అతని భుజాలు బిగుసుకునే ఉన్నాయి.

కృష్ణమోహన్ ఇంజనీరుగా పదేళ్ళ కిందట వచ్చాడు. రెండేళ్ళ కిందట కంపెనీ లేఆఫ్ చేస్తే, దాచుకున్నదంతా పెట్టి పాలూ బ్రెడ్డూ సిగరెట్లూ అమ్మే చిన్న స్టోర్ కొన్నాడు. నళినికి ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. కష్టమే అయినా నవ్వుతూ తుళ్ళుతూ ఉండేవాళ్ళు. అలాంటి మనిషి ఈ మార్చి నుంచీ మారిపోయాడు. నళిని పక్కకొస్తే ఒళ్ళు తిప్పేసుకుంటాడు. ఎనిమిదేళ్ళ కూతురు రేణు ఎగిరి వచ్చి పట్టుకోబోతే ఎడమచేత్తో ఆపేస్తాడు. ఆగస్టు ఎండలో కూడా జాకెట్టు విప్పడు. నళిని ఇంకో ఆడదేమో అనుకుంది. ఏడ్చింది. అతని జేబులు వెతికింది, కారు వెతికింది, ఫోను బిల్లులు చూసింది. పాపం, వెతకాల్సిన చోట తప్ప అన్నిచోట్లా వెతికింది.

అతను స్నానానికి వెళ్ళాడు. అనంతలక్ష్మి హాల్లో ఒక అట్టపెట్టె బోర్లించి, పట్టుచీర ముక్క పరిచి, అమ్మవారి పటం పెట్టింది. ముందు పెద్ద పళ్ళెం. అందులో నళిని కారు తాళాలు, కూరలు కోసే కత్తి, స్క్రూడ్రైవరు, రేణు పెన్సిల్ బాక్సు.

"ఇవాళ ఆయుధపూజే. మనకి అన్నం పెట్టే పనిముట్టుకి దణ్ణం పెట్టుకోవాలి," అంది మనవరాలితో. "మీ నాన్నది ఏదీ లేదు ఇందులో. రోజూ షాపుకి ఏం పట్టుకెళ్తాడే? వెళ్ళి అది పట్రా."

"డైలీ పట్టుకెళ్ళేదా, నానమ్మా?"

"ఆఁ, అదే. అది లేకుండా గడప దాటడు కదా, అది."

తాళాలగుత్తో, పెన్నో తెస్తుందని ఆవిడ అనుకుంది. రేణు బెడ్‌రూంలోకి వెళ్ళి, తండ్రి దిండు కింద నుంచి తీసి, రెండు చేతులతో జాగ్రత్తగా మోసుకొచ్చి పళ్ళెంలో పెట్టింది.

అనంతలక్ష్మికి రెండు కళ్ళలోనూ శుక్లాలు. తడిమి చూసింది. "అబ్బో, ఎంత బరువో! షట్టరు తాళం కాబోలు," అనుకుని పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పైన ఒక చామంతిపువ్వు ఉంచింది.

పులిహోర గిన్నె పట్టుకుని వంటింట్లోంచి వచ్చిన నళిని అక్కడే ఆగిపోయింది. పళ్ళెంలో నల్లటి రివాల్వర్. దాని నోరు తిన్నగా రేణు పొట్టవైపు ఉంది. రేణు దాని ముందు బాసింపట్టు వేసుకుని, చేతులు జోడించి కూర్చుని ఉంది.

"రేణూ, కదలకు," అంది. "మెల్లిగా పక్కకి జరుగు. దాన్ని ముట్టుకోకు."

"నేను ట్రిగ్గర్ టచ్ చెయ్యలేదు అమ్మా, ప్రామిస్. నానమ్మ అడిగింది. నాన్న రోజూ బెల్ట్‌కి పెట్టుకుంటుంది కదా. నైట్ పిల్లో కింద పెట్టుకుంటుంది."

"పెట్టుకుంటాడు అనాలమ్మా. నాన్న మగవాడు," అని అలవాటుగా దిద్దింది అనంతలక్ష్మి. "ఏవిటే నళినీ, ఏమైంది?"

నళిని పిల్లని లాగి వెనక్కి తోసింది. గిన్నె జారి పులిహోరంతా కార్పెట్ మీద పడింది. ఆ చప్పుడుకి కృష్ణమోహన్ తడి తలతోనే పరుగెత్తుకొచ్చాడు. పళ్ళెం చూశాడు. వంగి, పువ్వు పక్కన పడేసి, రివాల్వర్ తెరిచి ఐదు తూటాలు అరచేతిలోకి వంచుకున్నాడు. వేళ్ళకి పసుపు అంటింది.

"లోడ్ చేసి ఉందా?" అంది నళిని. "పిల్ల చేతిలో... తూటాలతో ఉందా?"

"రేణూ, నీ రూంలోకి వెళ్ళు," అన్నాడతను.

రేణు వెళ్ళింది కానీ తలుపు వెనకే నిలబడింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మార్చి నుంచి. లైసెన్స్ ఉంది నళినీ. కౌంటీ కోర్టులో వేలిముద్రలిచ్చి తెచ్చుకున్నాను. దొంగతనంగా ఏమీ..."

"కోర్టుకి తెలుసు. నాకు తెలీదు! ఏడు నెలలు దాన్ని దిండు కింద పెట్టుకుని నా పక్కన పడుకున్నారు. నేనేమో ఎవతి ఉందోనని కుళ్ళి కుళ్ళి ఏడ్చాను. అయ్యో దేవుడా, ఎవతో ఉన్నా బాగుండేది!"

అనంతలక్ష్మికి అప్పటికి అర్థమైంది తన చేత్తో బొట్టు పెట్టింది దేనికో. ఆ చెయ్యి చీరకి తుడుచుకుంటూ, "ఎవర్ని చంపడానికిరా?" అంది.

"చంపడానికి కాదమ్మా. చావకుండా ఉండడానికి." అతను సోఫా అంచున కూర్చున్నాడు. "ఫిబ్రవరిలో ఒకరోజు షాపులో కరెంటు పోయి ఆలస్యమైందన్నాను, గుర్తుందా? కరెంటు పోలేదు. ఇద్దరొచ్చారు. ఒకడు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇంకొకడు తుపాకీ ఇక్కడ పెట్టాడు, చెవి కింద. మోకాళ్ళ మీద కూర్చోమన్నాడు. కూర్చున్నాను. ప్లీజ్ ప్లీజ్ అన్నాను. నాకో కూతురుందన్నాను. ప్యాంటు తడిసిపోయింది నళినీ. అది చూసి వాళ్ళు నవ్వారు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు వెధవలకి. వాళ్ళు పోయాక నేలంతా నేనే మాప్ చేసుకుని, ప్యాంటు సింకులో ఉతుక్కుని, హీటర్ ముందు ఆరబెట్టుకుని ఇంటికొచ్చాను. ఆ సంగతి నీతో ఎలా చెప్పను?"

నళిని కోపం ఎటో పోయింది. అతని దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "నాతో చెప్పడానికి సిగ్గా మీకు? నాతోనా?"

"కొండల్ రావుతో చెప్పాను." కొండల్ రావుకి హైవే మీద పెట్రోలు బంకుంది. "'నడుముకు ఒకటి ఉంటే మనిషే వేరే అయితడు అన్నా,' అన్నాడు. తనే తీసుకెళ్ళి కాల్చడం నేర్పించాడు. నిజంగానే వేరే అయ్యాను. ఇప్పుడు ఎవడొచ్చినా నేను మొహం చూడను, చేతులు చూస్తాను. ఎక్కడ కూర్చున్నా తలుపు కనపడాలి. కుడిచెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. అది లేకపోతే బట్టల్లేకుండా నడిరోడ్డు మీద నిలబడ్డట్టుంటుంది."

"గుళ్ళో కూడానా? రేణు స్కూల్లో డాన్స్ ప్రోగ్రాం చూడ్డానికొచ్చినప్పుడు కూడానా?"

అతను అరచేతిలోని తూటాల వైపు చూసుకున్నాడు.

"అంటే అందరి చేతులూ చూశారు, దాని డాన్స్ చూడలేదు," అంది నళిని. "నాకొద్దండీ ఇది. ఇవాళే తీసెయ్యండి. తియ్యకపోతే నేనూ రేణూ షామ్‌బర్గ్‌లో మా అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతాం. ఒట్టి బెదిరింపనుకోకండి. నా కూతురు ఇవాళ దాని ముందు దణ్ణం పెట్టుకుంటూ కూర్చుంది."

కృష్ణమోహన్‌కి రోషమొచ్చింది. లేచి నిలబడ్డాడు. "వెళ్ళు! చెప్పడం ఎవరికైనా తేలికే. ఆ కౌంటర్ వెనకాల ఒక్కరోజు నిలబడి చూడు, తెలుస్తుంది. పిల్ల ముట్టుకోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నా. రేపే పెట్టెకి తాళం కొంటా. కానీ నేనేం పిచ్చివాణ్ణి కాదు. ఏడు నెలల్లో ఒక్కసారి, ఒక్కసారైనా ఎవరిమీదైనా ఎత్తానా?"

"ఎత్తింది," అంది రేణు.

ముగ్గురూ తిరిగి చూశారు. తలుపు దగ్గర రేణు పట్టుపరికిణీ అంచు నలుపుతూ నిలబడి ఉంది.

"రెయిన్ డే. సమ్మర్ వెకేషన్‌లో. నేను షాప్‌లో పాలడబ్బాల వెనక కలరింగ్ చేస్తున్నాను. అమ్మ బ్యాక్ డోర్ నుంచి వచ్చింది, బ్లాక్ రెయిన్‌కోట్ వేసుకుని, ఫేస్ కనపడలేదు. నాన్న అమ్మకి పాయింట్ చేసింది."

చేశాడు అనాలని ఈసారి ఎవరూ దిద్దలేదు.

నళినికి ఆ రోజు గుర్తొచ్చింది. ఆసుపత్రిలో ఎవరో ఇచ్చిన నల్ల రెయిన్‌కోటు, మొహం మీదికి జారిన టోపీ. ముందు వైపు పార్కింగంతా నీళ్ళు నిలిస్తే వెనక తలుపులోంచి టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చింది. 'ఏమండీ, తడిసి ముద్దయిపోయానండీ' అని నవ్వుతూ టోపీ వెనక్కి తోసేసరికి, ఆయన కౌంటర్ కింద వంగి ఏదో వెతుకుతున్నాడు. పెన్ను పడిపోయిందన్నాడు. చేతులు వణుకుతుంటే షుగరేమోనని ఆ వారమే రక్తపరీక్ష చేయించింది.

"పెన్ను కాదా అది?" అంది.

కృష్ణమోహన్ తలెత్తలేదు. "ముందు చేతులు చూశాను. చేతిలో ఏదో మెరిసింది. వేలు సగం నొక్కేసింది నళినీ. సగం. అప్పుడు నువ్వు 'ఏమండీ' అన్నావు."

"అనకపోయుంటే?"

నళిని కింద పడ్డ పులిహోర పక్కనే కూలబడింది. నోరు తెరిచి మాట్లాడుతూ లోపలికి రాబట్టి బతికింది. జలుబు చేసి గొంతు పోయి ఉంటే, ఊరికే ఆటపట్టిద్దామని చప్పుడు చెయ్యకుండా వచ్చి ఉంటే, ఈపాటికి గోడమీద పటమై ఉండేది.

"అమ్మకి కోపమొస్తుందని చెప్పలేదు," అంది రేణు సన్నగా. "బట్ ఐ నో వాట్ టు డూ. నేను ఏ రూంలోకి వచ్చినా ఫస్ట్ 'నాన్నా, నేనే' అంటాను కదా. లౌడ్‌గా అంటాను. అంటే నాన్న షూట్ చెయ్యదు."

నిజమే, అంటుంది. బాత్రూంలోంచి వస్తూ అంటుంది, స్కూలు నుంచి వస్తూ అంటుంది, పొద్దున్నే పాలకోసం వంటింట్లోకి వస్తూ కూడా అంటుంది. ముద్దుగా ఉందని అందరూ నవ్వుకునేవాళ్ళు. కృష్ణమోహన్ కూతురి వైపు చూశాడు. ఆ ఇద్దరు కుర్రాళ్ళ ముందు తను ఎలా మోకాళ్ళ మీద కూర్చున్నాడో, తన ఇంట్లో ఈ పిల్ల నాలుగు నెలలుగా అలాగే బతుకుతోంది. అరచేతిలో తూటాలు జారి కార్పెట్ మీద పడ్డాయి. అతను నేలమీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

అనంతలక్ష్మి తడుముకుంటూ వచ్చి కొడుకు తల ఒళ్ళోకి లాక్కుంది. "భయమేస్తే భయమేసిందని చెప్పకూడదుట్రా?" అంది. "మీ నాన్న పాముని చూసి మంచమెక్కి కేకలు పెట్టేవాడు. ఆయన్ని మగవాడు కాదని నేనేమన్నా అనుకున్నానా?"

రేణు మెల్లిగా దగ్గరకొచ్చింది. "నాన్నా, ఆర్ యూ మాడ్ ఎట్ మీ?"

"లేదమ్మా," అన్నాడు. రెండు చేతులూ చాపి పిల్లని దగ్గరికి తీసుకున్నాడు.

ఆ ఆదివారం షాపు తెరవలేదు. సోమవారం నళిని ఆసుపత్రికి సెలవు పెట్టింది. ఇద్దరూ కలిసి వెళ్ళి, ఎక్కడ కొన్నాడో ఆ దుకాణంలోనే రివాల్వర్ తిరిగి అమ్మేశారు. కౌంటర్ అతను తూటాలు పెట్టే చాంబరు అంచున అంటిన పసుపు గీకి చూసి, ఇదేమిటని అడిగాడు. నళిని డబ్బు లెక్కపెట్టుకుంది. "యూ విల్ బి బ్యాక్," అని అతను నవ్వాడు.

అక్కడి నుంచి తిన్నగా షాపుకి వెళ్ళారు. "నిలబడి చూడమన్నారు కదా, నిలబడతా," అంటూ నళిని కౌంటర్ వెనక అతని పక్కన నిలబడింది. చీర కొంగు నడుముకి చుట్టుకుంది. మధ్యాహ్నం మూడింటికి తలుపు గంట మోగింది. పొడుగాటి మనిషి లోపలికొచ్చాడు. రెండు చేతులూ జాకెట్ జేబుల్లో ఉన్నాయి. అటూ ఇటూ చూసి, షెల్ఫుల మధ్య ఆగిపోయాడు.

కృష్ణమోహన్ కుడిచెయ్యి దానంతటదే నడుముకి పోయింది. అక్కడ బెల్టు తప్ప ఏమీ లేదు. చెవి కింద చల్లగా తగిలినట్టయింది.

"నళినీ," అన్నాడు తెలుగులో, పైకే. "భయమేస్తోంది."

"నాకూ వేస్తోందండీ," అంది నళిని. కౌంటర్ కింద అతని చెయ్యి పట్టుకుంది. ఆమె అరచెయ్యి కూడా చెమటతో తడిగా ఉంది. "ఇక్కడే ఉన్నాను. చెప్పండి."

ఆ మనిషి వాళ్ళ మాటలేవీ అర్థంకాక ఇద్దర్నీ వింతగా చూశాడు. జేబులోంచి చెయ్యి తీశాడు. నలిగిన కాగితం ముక్క, దాని మీద పెన్సిలుతో రాసిన సరుకుల పేర్లు. భార్య రాసిచ్చిందట, పిల్లల దగ్గుమందు ఎక్కడుందని అడిగాడు. నళిని వెళ్ళి చూపించింది.

తలుపు గంట మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. మోగినప్పుడల్లా కృష్ణమోహన్ ఆ మాటే అన్నాడు. సాయంత్రం షట్టరు దించేదాకా ఎన్నిసార్లు అన్నాడో నళిని లెక్కపెట్టలేదు. అన్న ప్రతిసారీ, "ఊఁ, వింటున్నాను," అంది.