హల్వార్డ్ తొట్టిలో పురుగు

నార్వే ఉత్తరాన ట్రోమ్సోలో డిసెంబరు. మధ్యాహ్నం రెండింటికే వీధిదీపాలు వెలిగాయి. బోర్గిల్డ్ వదిన ఫోను చేసి, చేపల తొట్టిలో పురుగు పడిందని, వచ్చి చంపిపెడితే అందులో పెరిగే ప్రాణమున్న పగడాలన్నీ నన్నే పట్టుకుపొమ్మంది. వాటి మీద నాకెప్పటి నుంచో కన్ను. వెంటనే బయల్దేరాను.

ఆ ఉప్పునీటి తొట్టి ఆమె భర్త, మా అన్న హల్వార్డ్‌ది. మొన్న వసంతంలో పోయాడు. తొట్టిలో చేప ఒక్కటీ మిగల్లేదు. గదినిండా కుళ్లిన నాచు వాసన. నీటిపంపు గురగుర తప్ప చప్పుడు లేదు.

దీపాలు ఆర్పి, రాతి కన్నం ముందు రొయ్యముక్క వేలాడదీశాను. కాసేపటికి మీసాలు కదిలాయి. తర్వాత దవడలు... వేలంత లావు. ఒళ్లంతా ముళ్లు.

"వీడే," అంది వదిన నా చెవిలో.

"ఎవడు?"

"మీ హల్వార్డ్. తన బూడిద సముద్రంలో కలపమన్నాడు. ఇవీ ఉప్పునీళ్లేగా... ఇందులో పోసి మూతేశాను, ఇంకెక్కడికీ రాకూడదని. అయినా తెల్లారుజామున వచ్చి గొంతు పిసుకుతున్నాడు, బతికున్నప్పటిలాగే. చంపెయ్, ఈవర్. ఒక్క రాత్రి నిద్రపోతాను."

నాకు నవ్వొచ్చింది. పటకారుతో పట్టి లాగాను. మూరెడు వచ్చింది... ఇంకా వస్తూనే ఉంది. ఆమె వంటింటి కత్తెర తెచ్చి, మోచేతుల దాకా నీళ్లలో ముంచి కసకసా కత్తిరించింది.

"ఇది నా పన్నుకి! ఇది నా పక్కటెముకకి!"

ఏడు ముక్కలు. మెలికలు తిరుగుతూ ఇసుకలోకి దూరాయి.

ఈ జాతిని కోస్తే ప్రతి ముక్కా మళ్లీ పెరుగుతుంది. నాకు తెలుసు. కానీ చెబితే, ఆ ముక్కలు చావడానికి ఇసుకతో పాటు పగడాలున్న రాళ్లు కూడా ఉడకబెట్టాలి, పగడాలూ చస్తాయి. అందుకే చెప్పలేదు.

"పీడ వదిలింది వదినా, హాయిగా పడుకో," అని పగడాలు బకెట్లో వేసుకుని వచ్చేశాను.

ఒక పగడం వదిలేశానని మూడు వారాలకి మళ్లీ వెళ్లాను, సిగ్గులేని మనిషిని. వదిన మెడకి ఉన్ని మఫ్లరు చుట్టుకుని తలుపు తీసింది. తొట్టిలో దీపం లేదు. ఇసుకలో ఏడు కన్నాలు.

"ఒక్కడున్నప్పుడే నయం," అంది గుసగుసగా. మఫ్లరు విప్పింది.

మెడచుట్టూ నల్లగా కమిలిన వేళ్ల గుర్తులు. ఒక జత మగవాడి చేతులవి. మిగతావన్నీ... పసిపిల్లల చేతులంత.

"పోయిన వారం ఇంకా చిన్నవి," అంది.