సోనికి కుదరని జాకెట్

"ఇందులో ప్లేట్ ఏదండీ?"

ఆ ఒక్క ప్రశ్నతో ఉదయ్ భాస్కర్ సోని జీవితంలోకి అడుగుపెట్టాడు. అడుగుపెట్టాడు అనడం మర్యాద కోసం. నిజానికి కాలేసి తొక్కాడు.

దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న పోలీసు క్యాంపు అది. వరండాలో బల్ల మీద మహిళా కానిస్టేబుళ్ల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు పరిచి ఉన్నాయి. జాకెట్లు, తూటా ఆపడానికి వాటిలో పెట్టే ప్లేట్లు తయారు చేసే ఓ చిన్న వర్క్‌షాపు తరఫున పాల్వంచ నుంచి వచ్చిన ఇంజనీరు ఈ ఉదయ్. ఒక్కో జాకెట్‌లోంచి ప్లేట్ బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ లోపల పెడుతున్నాడు. సోని జాకెట్‌లో చెయ్యి పెడితే బిస్కెట్ల డబ్బా అట్టముక్క వచ్చింది.

పక్కనే నిలబడ్డ రిజర్వ్ ఇన్‌స్పెక్టర్, ఆర్‌ఐ బలరాం ఆ అట్టను చూశాడు. తర్వాత సోనిని చూశాడు.

"ఏందమ్మా ఇది?"

"అట్ట, సార్."

"అట్టని నాకూ కనబడ్తుంది. ప్లేట్ ఏది?"

"నా పెట్టెల ఉంది సార్."

"అడవిలకు గిట్లనే పోతున్నవా?"

సోని నోరు విప్పలేదు. విప్పితే చాలామంది పేర్లు చెప్పాల్సి వస్తుంది. ఆ ప్లేట్లు ఎవరో మగవాళ్లను మనసులో పెట్టుకుని పలకల్లా బల్లపరుపుగా చేసినవి. గొంతుక్కూర్చుంటే పై అంచు మెడలో గుచ్చుకుంటుంది. రైఫిల్ బట్ భుజానికి ఆనదు. అందుకే అమ్మాయిల్లో సగం మంది వాటిని గుట్టుగా తీసేసి తిరుగుతున్నారు. తనిఖీ ఉందని తెలిసి అందరూ మళ్లీ పెట్టేసుకున్నారు. డ్యూటీ నుంచి నేరుగా వచ్చిన సోని ఒక్కతే దొరికిపోయింది.

"సార్, ఆవిడ తప్పేం లేదండి, ప్లేటుదే తప్పు," అన్నాడు ఉదయ్, తను చేసిన నిర్వాకం అర్థమై. "ప్లేటేమో పలకలా ఉంది. ఆడవాళ్లకు ఇక్కడ గుండ్రంగా..." అంటూ చేత్తో గాల్లో వంపు గీయబోయి, అది ఎటు పోతోందో తెలిసి, చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

వరండా అంతా గొల్లుమంది. సోని తప్ప.

"మంచిది ఇంజనీర్ సాబ్," అన్నాడు బలరాం, నవ్వు మీసాల కింద దాచుకుని. "అట్లయితే వంపు ప్లేటే చెయ్యండి. దాని ట్రయల్ ఈమె మీదనే. అది కుదిరేదాక ఈమెకు లీవు లేదు."

ఆ రోజు సోని ఉదయ్ వైపు చూసిన చూపుకు ఏ ప్లేటూ అడ్డుపడేది కాదు.

వర్క్‌షాపులో కొలతలు తీసే అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వెళ్లింది. అందుకని చాంది కొలవాలి, ఉదయ్ చెప్పాలి అని ఏర్పాటు చేశారు. చాంది కూడా కానిస్టేబులే. సోని తండాకు పక్క తండా, బ్యారక్‌లో పక్క మంచం.

ఉదయ్ సంచిలోంచి ఒక సీసపు పట్టీ తీశాడు. ఎలా వంచితే అలా నిలుస్తుంది. దాన్ని సోని యూనిఫాం మీద ఛాతీకి అడ్డంగా ఆనించి అదమాలి. ఆ వంపును కాగితం మీద గీసుకుంటే ప్లేటుకు అదే వంపు. ఉదయ్ గుమ్మం దగ్గర నిలబడి, ఫ్యానులో ఏదో వింత ఉన్నట్టు పైకి చూస్తూ చెబుతున్నాడు.

"చివర్లు ఆనాయాండీ?"

"ఒకటి ఆన్లేదు సార్, సందు కనబడ్తుంది."

"నేనోసారి చూడొచ్చా మేడం?"

"చూడు," అంది సోని. "చూడకుంటే ఊకుంటవా?"

ఉదయ్ దగ్గరికి వచ్చి వంగి చూశాడు. చెయ్యి తగల్లేదు, చొక్కా కూడా తగల్లేదు. అయినా సోని భుజాలు వాటంతట అవే ముందుకు ముడుచుకున్నాయి, ఊపిరి ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

తనకే వింతగా అనిపించింది. గుట్టల్లో అందరికంటే ముందు నడిచేది తను. గుడారంలోకి పాము వస్తే కర్రతో పక్కకు తోసి మళ్లీ పడుకున్నది తను. కళ్లద్దాలు పెట్టుకున్న ఈ సన్నటి మనిషి వంగితే ఊపిరి ఆగడమేంటి?

"ఆ, ఇప్పుడు కరెక్ట్‌గా వచ్చింది," అన్నాడు ఉదయ్.

రాలేదు. ఆ సంగతి సోనికి తెలుసు, చాందికి ఇంకా బాగా తెలుసు.

అసలు ప్లేటు పింగాణీలాంటి మట్టితో కాల్చి చేస్తారు. ఒకసారి కాలిస్తే వంచడం కుదరదు. అందుకే ముందు అంతే బరువుతో ఒక ప్లాస్టిక్ డమ్మీ చేసుకొచ్చాడు ఉదయ్. జాకెట్ భుజాలు సన్నంగా కత్తిరించి, పక్కల బిగించుకునే పట్టీలు పెట్టాడు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సోని తొడుక్కుని గేటు దాకా పరిగెత్తి వచ్చేసరికి అంచులు రెండూ పక్కటెముకల్లో దిగబడ్డాయి.

"ఎక్కడ గుచ్చుకుంటోంది?"

"ఎక్కడ గుచ్చుకుంటలేదో అడుగు, జల్దీ చెప్త."

ఉదయ్ మొహం చిన్నబోయింది. మళ్లీ కొలిచారు. మళ్లీ వంగి చూశాడు. మళ్లీ అదే జరిగింది.

వానలు మొదలయ్యాయి. ఉదయ్ సంచిని ప్లాస్టిక్ కవరులో చుట్టుకుని, తను మాత్రం తడిసి ముద్దై బస్సు దిగేవాడు. వచ్చినప్పుడల్లా ఏవో అడిగేవాడు. ఏ మోకాలి మీద కూర్చుంటారు? నీళ్ల బాటిల్ ఏ చేత్తో తీస్తారు? గుట్ట దిగేటప్పుడు బరువు ఎటు లాగుతుంది? ఇన్నేళ్ల సర్వీసులో ఆమె ఒంటికి ఏది నొప్పిగా ఉందో అడిగిన మనిషి ఇతనొక్కడే. మొదట విసుక్కుంటూ జవాబు చెప్పింది. తర్వాత జవాబులు ముందే సిద్ధం చేసుకోసాగింది. బస్సు ఆలస్యమైతే గేటు దగ్గరికీ బ్యారక్‌కీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరగసాగింది. అది ప్రేమేనని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

సాయంత్రాలు అతని నుంచి మెసేజ్ వచ్చేది. 'రేపు డ్యూటీ ఉందా? పాత ప్లేట్ అయినా సరే పెట్టుకోండి, ప్లీజ్.'

'పెట్టుకుంటున్న' అని పంపేది. అది అబద్ధం. ఆ అబద్ధం పంపాక ఆమెకు అన్నం సయించేది కాదు.

"చెప్పరాదే," అనేది చాంది లంబాడీలో, ఉదయ్ ఎదురుగానే. "నువ్వొస్తే నాకు ఊపిరాడదు, జర దూరం నిలబడు అని చెప్పు."

"చెప్తే నీ మంచం తీసి వానలో పడేస్త," అనేది సోని, అదే భాషలో.

"ఏమంటున్నారండీ?" అని అడిగేవాడు ఉదయ్.

"మీ ప్లేటు బాగుందంటున్నం సార్," అనేది చాంది.

చాటుగా కొలిచి ఇద్దామంటే సీసపు పట్టీ ఎప్పుడూ ఉదయ్ సంచిలోనే ఉంటుంది. సోని అద్దం ముందు నిలబడి మామూలుగా గాలి పీల్చడం కూడా ప్రాక్టీస్ చేసింది. ఉదయ్ రాగానే ఆ ప్రాక్టీస్ అంతా గోదాట్లో కలిసింది.

ట్రయల్ రోజు రానే వచ్చింది. భద్రాచలంలో పోలీసు గ్రౌండు. సన్నగా ముసురు. షామియానా కింద హైదరాబాద్ నుంచి వచ్చిన డీఎస్పీ మేడం, పక్కన బలరాం. ఇవాళ ఈ జాకెట్ పాసైతే జిల్లాలో ఆడవాళ్లందరికీ వంపు ప్లేట్లు. ఫెయిలైతే మళ్లీ పాత పలకలే ఆర్డర్ పెడతారు.

సోని పరిగెత్తింది, పాకింది, మోకాలి మీద కూర్చుని రైఫిల్ ఎత్తింది. రెండో చుట్టు సగంలో ఊపిరి అందక మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని ఆగిపోయింది.

ఉదయ్ నేరుగా మేడం బల్ల దగ్గరికి వెళ్లాడు.

"మేడం, నా డిజైనే తప్పు. ఇన్ని రోజులు ఆవిడను అనవసరంగా బాధపెట్టాను. నేను తప్పుకుంటాను."

సంచి భుజాన వేసుకుని వానలో గేటు దాటి వెళ్లిపోయాడు.

మేడం నిట్టూర్చి పెన్ను తీసింది. "సరే, పాతవే రాసేద్దాం."

చాంది మెడ మీద పాత ప్లేటు అంచుకు నల్లగా కమిలిన మచ్చ సోనికి ఇక్కడి నుంచే కనిపిస్తోంది. తను సిగ్గుపడి నోరు మూసుకుంటే ఇంకెంతమంది అట్టముక్కలు పెట్టుకుని అడవిలోకి పోతారు? పైగా ఏ తప్పూ చేయని మనిషి తప్పు నెత్తిన వేసుకుని బస్టాండుకు పోతున్నాడు.

"మేడం, ఆగండి!" సోని పరిగెత్తుకొచ్చి సెల్యూట్ కొట్టింది. "తప్పు ప్లేటుది కాదు మేడం. కొలతది. కొలిచేటప్పుడు నేను ఊపిరి బిగబట్టిన. భుజాలు ముడుచుకున్న."

"ప్రతిసారీనా?"

"అవ్ మేడం."

"ఎందుకు?"

చాంది తన బూట్ల వైపు చూసుకుంటోంది. బలరాం గొంతు సవరించుకున్నాడు.

"ఆయన దగ్గరికొస్తే నాకు ఊపిరాడదు మేడం. ఆయనంటే నాకు ఇష్టం."

మేడం నవ్వలేదు. పెన్ను మూత పెట్టింది. "లంచ్ దాకా నేనిక్కడే ఉంటాను. మళ్లీ కొలవండి. ముందు ఆ అబ్బాయిని పట్టుకురండి."

"ఫోన్ ఎత్తుతలేడు మేడం," అన్నాడు బలరాం అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకుని.

ఆ మాట పూర్తయ్యేసరికి సోని గేటు దాటింది. జాకెట్ విప్పాలన్న ధ్యాస కూడా లేదు.

పాల్వంచ మీదుగా పోయే బస్సు బస్టాండు బయటికి తిరుగుతోంది. సోని రోడ్డుకు అడ్డంగా నిలబడి చెయ్యెత్తింది. యూనిఫాం, జాకెట్, ఎర్రబడ్డ మొహం చూసి డ్రైవరు బ్రేకు తొక్కాడు. ఆమె మెట్టెక్కేసరికి బస్సంతా గప్‌చిప్. ఈ దారిలో వాళ్లకు పోలీసు తనిఖీ అలవాటే కాబట్టి అందరూ ఆధార్ కార్డులు తీసి పట్టుకున్నారు. వెనక సీట్లో తల వంచుకుని కూర్చున్న ఉదయ్ కూడా తీశాడు.

"కార్డొద్దు," అంది సోని రొప్పుతూ. "దిగు."

ఉదయ్ తలెత్తాడు. "మీరా? అయిపోయింది కదండీ. నా డిజైన్ తప్పని చెప్పేశా."

"తప్పు... డిజైన్‌ది... కాదు. నేనే... కొల్చేటప్పుడు..." మాట ముందుకు సాగడం లేదు. పరుగొకటి, జాకెట్ బిగింపు ఇంకొకటి. "నువ్వు దగ్గరికొస్తే... నాకు..."

"ఏమైంది?"

"ఓ నాయనా!" అంది కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ. "ఆ పిల్లకు ముందు ఊపిరాడనీ. ఆ పట్టీలు జర వదులు చెయ్యరాదూ!"

ఉదయ్ గబుక్కున లేచాడు. చెయ్యి చాచి, అంతలోనే ఆగాడు. "విప్పనా?"

"విప్పు."

పక్క పట్టీలు రెండూ ఊడదీశాడు. సోని గుండెల నిండా గాలి పీల్చింది. ఇంక ఆగితే మళ్లీ ధైర్యం రాదని తెలిసి ఒక్క గుక్కలో చెప్పేసింది.

"నువ్వంటే నాకు ఇష్టం. దగ్గరికొస్తే ముడుచుకుపోతున్న, గందుకే కొలత తప్పుతుంది. ఇది ఇప్పటికే డీఎస్పీ మేడంకు చెప్పిన, మా ఆర్‌ఐ సారుకు చెప్పిన, ఇప్పుడు ఈ బస్సుల అందరికి చెప్పిన. ఇంక ఎవలికి చెప్పాల్నో నువ్వే చెప్పు."

బస్సులో ఎవరూ కార్డులు లోపల పెట్టుకోలేదు. కండక్టరు టికెట్ మిషను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"నేను..." అన్నాడు ఉదయ్. "నేను మీ క్యాంపు నుంచి తిరిగి వెళ్లేటప్పుడు పాల్వంచలో దిగడం మర్చిపోయి కొత్తగూడెం దాకా వెళ్లిపోతుంటానండీ."

"గిది ముందే చెప్పొద్దా!"

"మీరు కొడతారేమోనని భయం."

బస్సు గొల్లుమంది. వాళ్లిద్దరూ దిగాక గానీ డ్రైవరు గేరు వెయ్యలేదు.

డీఎస్పీ మేడం ఆర్డరు ప్రకారం కొలత అయ్యేదాకా ఇంజనీరు గేటు బయటే నిలబడ్డాడు, వానలో. చాంది సీసపు పట్టీ ఆనించింది. సోని భుజాలు నిటారుగా పెట్టి హాయిగా గాలి పీల్చి వదిలింది. గీసిన వంపును ఉదయ్ పాత కాగితం పక్కన పెట్టి చూశాడు. క్యాంటీన్ పొయ్యి దగ్గర డమ్మీని వేడి చేసి కొత్త వంపుకు తిప్పాడు.

ఈసారి సోని చుట్లన్నీ పూర్తి చేసింది. కూర్చుంది, పాకింది, రైఫిల్ బట్ భుజంలో ఒదిగింది. ఆగమనేదాకా ఆగలేదు. మేడం కాగితం మీద సంతకం పెట్టి, "ముందు ఈ అమ్మాయిదే కాల్చి పంపండి," అంది.

"ఎప్పటికి కావాలండీ?" అన్నాడు ఉదయ్.

"ఎల్లుండి అడవిలకు పోతున్నం," అంది సోని. మేడం జవాబు చెప్పకముందే.

ఉదయ్ మొహం మారింది. సోనికి తెలుసు, ఇప్పుడు అడుగుతాడు. అడిగితే ఏం చెప్పాలో కూడా సిద్ధంగా పెట్టుకుంది. అతన్ని పక్కకు తీసుకెళ్లింది.

"చూడు. పోవొద్దని మాత్రం అడగకు. అది నా కొలువు."

"అడగను," అన్నాడు ఉదయ్. "నువ్వెళ్లిన రోజు నాకు నిద్ర పట్టదు, అది నా బాధ, నేనే పడతాను. రేపు రాత్రికల్లా ప్లేట్ నీ చేతికిస్తాను. అది తీసేసి మాత్రం వెళ్లకు. పెట్టుకుంటున్నానని నాకు అబద్ధం పంపకు."

సోని కళ్లు చెమ్మగిల్లాయి. అతనికి మొదటి నుంచీ తెలుసన్నమాట.

"తియ్య. ఒట్టు," అంది. "వచ్చినాక మా తండాకు పోదాం. మా నాయిన మోతీలాల్‌తోని నువ్వే మాట్లాడాలె."

"వచ్చాక కాదు. వెళ్లకముందే. ఈ రాత్రే ప్లేటు బట్టీలో పెట్టేసి రేపు పొద్దున్నే వస్తా, మాట్లాడి అట్నుంచటే వర్క్‌షాపుకు పోతా."

"గంత ఆత్రమేంది?"

"ఆత్రమే. ఇన్ని రోజులూ వంపు కుదరలేదని ఆగాను. ఇంక ఆగలేను."

సోని నవ్వింది. వానలో, డీఎస్పీ మేడం, ఆర్‌ఐ, చాంది అందరూ చూస్తుండగానే అతని చెయ్యి పట్టుకుంది.

"అయితే మొదటి బస్సుకే రా," అంది. "మా నాయిన పొద్దున్నే పత్తి చేనుకు పోతడు. చేన్ల నుంచి పిలిస్తే రాడు. నువ్వే బురదలకు దిగి అడగాలె."