సుత్తి పరీక్ష నెగ్గిన టైరు

లాల్‌ఖదాన్ దాటి గతౌరా వైపు వెళ్తుంటే పట్టాల పక్కన ఒక పాత గేటు గది ఉండేది. గేటు ఎత్తేశారు, కాపలా మనిషిని తీసేశారు, గది మాత్రం మిగిలింది. చీకటి పడ్డాక అటు వెళ్తే ఎవరో వెనక చక్రం పట్టుకుని లాగుతారని బిలాస్‌పూర్ రైల్వే కాలనీ అంతా చెప్పుకునేది. పగలు వెళ్లినవాళ్లను మాత్రం ఏ దెయ్యమూ పలకరించిన పాపాన పోలేదు.

సన్యాసిరావు ఇలాంటివి నమ్మే రకం కాదు. రైలు వేగన్ల చక్రాలను సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పే ఉద్యోగం ఆయనది. తన చెవి మీద ఉన్న నమ్మకం ఆయనకు దేవుడి మీద కూడా లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఆ సుత్తి ఇంటికి కూడా వచ్చేది. కుండ, కొబ్బరికాయ, కొత్త తలుపు... ఆయన కొట్టి చూడనిదే ఏదీ గడప దాటేది కాదు.

తొంభై ఒకటో, ఆ మరుసటేడో... కూతురు రాజశ్రీ పురిటికి వచ్చింది. నెలలు నిండాయి. నొప్పులొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఇంట్లో ఉన్నది ఒక్క స్కూటరే. దాని టైర్లు ఆ పిల్ల బడికెళ్లే రోజుల్లో వేయించినవి.

"పక్కలన్నీ నెరలిచ్చీసినాయండీ. పిల్ల ఎక్కకముందే మార్పించండి," అంది భార్య అప్పలనర్సమ్మ.

"నీకేటి తెలుసు? గీతలు అరిగినాయేటి? బండి నీడలోనే ఉంది గదా!" అంటూ సన్యాసిరావు సుత్తి తీశాడు. ధబ్. వంగి విన్నాడు. "గొంతు గట్టిగానే ఉంది." సుద్దముక్కతో టైరు మీద 'ఫిట్' అని రాశాడు.

"అచ్ఛా నాన్నా, రబ్బరుకి వయసైపోదా, బుడ్ఢా అవదా క్యా?" అంది రాజశ్రీ.

"సుత్తి చెప్పిందాకా అవదు."

"అలగైతే ముందు నన్నెక్కించుకోండి," అంది అప్పలనర్సమ్మ. "గతౌరాలో మా చెల్లిని సూసొద్దాం. నాను బతికొస్తే అప్పుడు పిల్లనెక్కిద్దురు."

గతౌరా వెళ్లడం బాగానే వెళ్లారు. తిరిగొచ్చేటప్పటికి చీకటి పడిపోయింది. గేటు గది దగ్గరకి వచ్చేసరికి... వెనక నుంచి...

టప్... టప్... టప్...

ఎవరో చెప్పులేసుకుని వెంట నడుస్తున్నట్టు. స్కూటరు నెమ్మదిస్తే అదీ నెమ్మదించింది. ఆపాడు — అదీ ఆగింది.

"ఏటది?" అన్నాడు సన్యాసిరావు గుసగుసగా.

"ఉండండి... సూస్తాను..."

అంతలో గది తలుపు కిర్రుమంది. అంతే — సన్యాసిరావు స్కూటరును ఉరికించాడు. టపటపటపటప! ఎంత జోరుగా పోతే అంత జోరుగా వెంటపడింది.

"నర్సమ్మా... ఎనక్కి సూడకు..."

ఒక చెయ్యి మెల్లిగా వెనక్కి చాపాడు.

సీటు ఖాళీ.

నర్సమ్మని పట్టుకుపోయింది... బండి తిప్పాలని ఉంది, చేతులు మాట వినడం లేదు. ఇంతలో — ధడేల్! వెనక చక్రం పేలింది. స్కూటరు అడ్డంగా ఊగి, గట్టు దిగి, ఆయన్ని గడ్డిలోకి విసిరేసింది.

దెబ్బలేం తగల్లేదు. లేవడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. చీకట్లోంచి తెల్లచీర ఒకటి నడిచొస్తోంది. చేతిలో నల్లగా, పొడుగ్గా ఏదో వేలాడుతోంది...

"ఏవండీ..."

దెయ్యం మూడోసారి పిలవదు, అందాకా పలకకూడదని చిన్నప్పుడెప్పుడో అమ్మ చెప్పింది. సన్యాసిరావు ఊపిరి బిగబట్టాడు.

"ఏవండీ... ఓ రాజశ్రీ నాన్నా! సక్రం సూద్దారని దిగితే నన్నొగ్గీసి ఎలిపోనారేటండీ?"

అప్పలనర్సమ్మే. ఆమె చేతిలో ఉన్నది టైరు పైనుంచి ఊడిన రబ్బరు పట్టీ. అది సగం ఊడి, చక్రంతో పాటు తిరుగుతూ మడ్‌గార్డుకి టపటపా కొట్టుకుంది. చివరికి తెగి రోడ్డు మీద పడితే ఏరుకొచ్చింది.

సన్యాసిరావు లేచి చక్రాన్ని తడిమి చూశాడు. పక్క మొత్తం విచ్చుకుపోయింది. ఆ సీటు మీద రాజశ్రీ కూర్చుని ఉంటే... అయినా నోరు ఊరుకోదు కదా!

"పొద్దున్న ఫిట్టేనే... మోత నానే విన్నాను గదా..."

అప్పలనర్సమ్మ వాదించలేదు. గేటు గది వైపొకసారి చూసి, గొంతు తగ్గించింది.

"టైరు మంచిదేనండీ. ఆ గదిలోది ముట్టీసుకుంది. అలాటిది పురిటి పిల్లున్న ఇంట్లో ఉంచకూడదు. ముందు చక్రం టైరు, స్టెప్నీ కూడాను."

సన్యాసిరావుకి ప్రాణం లేచొచ్చింది. "అదీ మాట! పాతబడిపోయిందంటే నాను ఒప్పను. దెయ్యం ముట్టుకుందంటావా... రేపే మార్పించీస్తాను."

ఆ నెలలో రైల్వే కాలనీలో చాలా స్కూటర్లకి కొత్త టైర్లు పడ్డాయి. ఆ దారి మొహం చూడని బళ్లకి కూడా. ఏ ఇంట్లో అయినా చెప్పింది ఇల్లాలేనట... అటూ ఇటూ చూసి... చెవి దగ్గర మెల్లిగా...

"మన బండినీ ముట్టుకుందండీ."