చంద్రుడి మీద నిర్భయమాపకం

2094లో చంద్రుడి మీద తొలి ఎన్నిక జరిగిన రోజున శీతలగిరి గని కాలనీలో డ్రిల్లులన్నీ ఆపేశారు. జనం ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని భోజనశాలలో బారులు తీరారు. అక్కడ మనిషి బరువు భూమ్మీద ఆరో వంతేనాయె, పిల్లలు పెద్దల తలల మీదుగా దూకుతున్నారు. "అయ్యయ్యో, పిల్లల్ని పట్టుకోండమ్మా!" అని అరిచి అరిచి పోలింగ్ అధికారి సువర్చల గొంతు పోయింది. ఆవిడది అమలాపురం.

ఆవిడ ముందున్న యంత్రం పేరు నిర్భయమాపకం. దాని మీద చెయ్యి పెడితే సెన్సర్లు నాడిని, చెమటను, నరాల్లోని విద్యుత్తును కొలిచి ఓటరు భయపడుతున్నాడో లేదో తేలుస్తాయి. భయం లేకపోతే పచ్చదీపం వెలిగి ఓటు మీట తెరుచుకుంటుంది. ఉంటే ఎర్రదీపం వెలుగుతుంది, మీట తెరుచుకోదు. ఓటు ఎవరికి పడిందో మాత్రం దానికి తెలియదు. బెదిరింపుల మధ్య ఎన్నికలు నడిపి తల పండిన అధికారులు ఎన్నో దేశాల నుంచి కూడి, తమకు తగిలిన దెబ్బలన్నీ చెప్పుకుని మరీ చేయించిన యంత్రమది. కెన్యా నుంచి వచ్చిన వంజిరు సెన్సర్లు సరిచూసింది. బ్రెజిల్ అధికారి థియాగో సీలు వేశాడు. వేలికి సిరా పూసే పని మన సువర్చలది. గర్వంగా ఉండదూ మరి!

అయితే ఇరవై ఏళ్లుగా కాలనీని ఏలుతున్న నిర్వాహకుడు ముక్తేశ్వర్ ఈ ఎన్నికకు ఒప్పుకుంటూ ఓ మెలిక పెట్టాడు. పోలింగ్ ముగిసేసరికి ఒక్క ఓటరుకైనా ఎర్రదీపం మిగిలిపోతే ఎన్నిక రద్దు. గాలి పంపులు ఆయన చేతిలో ఉన్నాయి. ఎదురు మాట్లాడినవాళ్లకు గాలి వాటాలో కోత పెట్టేవాడు. అలాంటివాళ్లు వణక్కుండా ఉంటారా అని ఆయన ధీమా.

అధికారులేం తక్కువ తినలేదు. నెల ముందే దిగి, పంపుల తాళాలు తమ అధీనంలోకి తీసుకుని, గదిగదికీ వెళ్లి ధైర్యం చెప్పారు. పోలింగ్ రోజు ప్రతి కార్మికుడికీ పచ్చదీపమే వెలిగింది.

ఆఖర్న ముక్తేశ్వర్ వచ్చాడు. కెమెరాల వైపు నవ్వుతూ యంత్రం మీద చెయ్యి పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది!

"యంత్రం చెడిపోయింది," అన్నాడు.

వంజిరు తన చెయ్యి పెట్టి చూసింది. పచ్చదీపమే వచ్చింది. హాలంతా ఉసూరుమంది. ఇంత చేసీ ఎన్నిక రద్దేనా?

"ఇంకా టైముందండి," అంది సువర్చల, కుర్చీ లాగుతూ. "ఎర్రదీపం వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, భయమేంటో అడిగి, తీర్చి పంపడం మా పద్ధతండి. చెప్పండి, దేనికి భయం?"

"నాకా? భయమా?" అన్నాడు గానీ కుర్చీలో కూర్చున్నాడు. కెమెరాల వైపు చూడకుండా అడిగాడు. "ఓడిపోతే నా గాలి ఎవరి చేతిలో ఉంటుంది?"

ఆయన మీద పోటీకి నిలబడ్డ జాడి సమ్మక్క ముందుకొచ్చింది. సింగరేణి బొగ్గు కార్మికుల మునిమనవరాలామె. ఆమె భర్త ఆ గాలి కోతల్లోనే ఊపిరితిత్తులు పాడై చనిపోయాడు.

"సార్, మీ మీద నాకు మస్తు కోపమున్నది. దాసుకోను. కానీ మీరు ఓడినా మీ గాలి మీకొస్తది. నాకెంతనో మీకూ అంతే. ఐదేండ్లకు మళ్ల నిలబడుండ్రి, ఎవరొద్దన్నరు?"

"నిన్నెలా నమ్మను?"

"నన్ను నమ్మకుండ్రి. గీళ్లను అడుగుండ్రి," అంటూ సమ్మక్క హాల్లోని కార్మికుల వైపు చెయ్యి చూపింది.

"సమ్మక్క గెలిచి మీ గాలి బందు చెయ్యబోయినా మేం ఊకోం సార్, ఆమెనైనా నిలదీస్తం!" అని వెనకనుంచి ఓ ముసలి డ్రిల్లరు అరిచాడు. అతని ఊపు చూసి జనం నవ్వారు. ముక్తేశ్వర్ కూడా నవ్వాడు. లేచి మళ్లీ చెయ్యి పెట్టాడు. పచ్చదీపం వెలిగింది.

సువర్చలకు కళ్లు చెమర్చాయి. ముగ్గురు అధికారులూ ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

లెక్కింపులో ముక్తేశ్వర్ ఓడిపోయాడు. ఆయనేం చేస్తాడా అని అందరూ చూస్తుండగా, కంచం తీసుకుని భోజనాల వరస చివర్లో నిలబడ్డాడు. ఎవరూ తప్పుకుని ఆయనకు ముందుకు దారివ్వలేదు. ఎవరూ ఆయన్ని పక్కకు నెట్టలేదు.