పక్క క్యారవాన్ వైపు డిష్

కెటిల్ కూత పెట్టింది. దలేనా రెండు కప్పుల్లో కాఫీ పోసి, డబ్బాలోంచి రస్కులు తీసి, క్యారవాన్ తలుపు దగ్గర నిలబడి భర్తను పిలిచింది. బారెంట్ పలకలేదు. క్యారవాన్‌కు ఆనించి వేసిన గుడారం అవతల గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని టీవీ డిష్ స్టాండు మూడు కాళ్ళనూ సరిచేస్తున్నాడు. మళ్ళీ పిలిచింది. అతను తల ఎత్తలేదు. ఆమె తన రస్కు కాఫీలో ముంచుకుని తింటూ అతన్నే చూసింది.

ఖౌరిట్స్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఈ క్యారవాన్ పార్కుకు వాళ్ళు ఏటా డిసెంబరులో, అక్కడి ఎండాకాలం సెలవులకు వస్తారు. ఏటా అదే స్థలం, మిల్క్‌వుడ్ చెట్టు పక్కన. నిన్న సాయంత్రం వచ్చారు. క్యారవాన్‌ను వెనక్కి పెట్టేటప్పుడు ఎప్పటిలాగే దలేనా వెనక నిలబడి చేతులు ఊపింది. అరచేయి పైకెత్తితే ఇంకా రావాలి. పక్కకి తిప్పితే స్టీరింగ్ అటు తిప్పాలి. చేయి కిందికి దించితే ఆగాలి. బారెంట్ అద్దంలో ఆమె చేతుల్ని చూస్తూ ఒక్కసారికే బండి నిలబెట్టాడు. ఈ పనిలో వాళ్ళిద్దరి మధ్య ఏనాడూ మాట అవసరం పడలేదు.

డిష్ పెట్టడం అలా కాదు. దానికి మాట కావాలి. బారెంట్ బయట డిష్‌ను ఈశాన్యం వైపు తిప్పి కొంచెం కొంచెంగా జరుపుతాడు. దలేనా లోపల టీవీ ముందు కూర్చుని తెర మీద సిగ్నల్ గీతను చూస్తూ అరుస్తుంది. "పెరుగుతోంది... పెరుగుతోంది... తగ్గింది! వెనక్కి! ఆగు!" అరుపులు విని వరసలోని మగవాళ్ళంతా కాఫీ కప్పులతో వచ్చి డిష్ చుట్టూ నిలబడతారు. ప్రతివాడికీ ఒక సలహా ఉంటుంది. ఆ ఉదయం గడిస్తే గానీ సెలవులు మొదలైనట్టు కాదు.

దలేనా కాఫీ ముగించి టీవీ ముందు కూర్చుంది. అరవడానికి గొంతు సవరించుకునేలోపే తెర మీద బొమ్మ వచ్చేసింది.

ఆమె బయటికి వెళ్ళింది. "అదేంటి? నేను నోరైనా తెరవలేదు!"

బారెంట్ ఆమె నీడ చూసి తిరిగాడు. చేతిలో ఒక చిన్న మీటరు ఉంది, గాజు వెనక ముల్లుతో. "ఇదుంటే చాలు. ముల్లు చూసుకుని పెట్టేయొచ్చు. నువ్వు గొంతు చించుకోనక్కర్లేదు."

"ఎక్కడిది?"

అతను అప్పటికే వంగి, గాలికి స్టాండు పడకుండా దాని కొక్కేనికి నీళ్ళ క్యాను తగిలిస్తున్నాడు.

"ఎక్కడిదని అడుగుతున్నా!"

జవాబు లేదు. అప్పుడు ఆమె గమనించింది. డిష్ ఏటా పెట్టే చోట లేదు. గుడారానికి అటు పక్క, పక్క స్థలం హద్దు మీద ఉంది. ఆ స్థలంలో డర్బన్ నుంచి వచ్చిన ఒంటరి ఆవిడ క్యారవాన్ ఉంది. పేరు మోరీన్. నిన్న వీళ్ళు గుడారం వేస్తుంటే వచ్చి ఇంగ్లీషులో పలకరించి, భర్త పోయాక ఒక్కతే వస్తున్నానని చెప్పి వెళ్ళింది.

వరస చివరి క్యారవాన్ వెస్సెల్ కప్పు పట్టుకుని వచ్చాడు. "ఏం వదినా, ఈ ఏడు కచేరీ లేదా? మా ఆవిడ నీ అరుపు విన్నాకే లేస్తుంది, ఇంకా పడుకునే ఉంది."

"మీ స్నేహితుణ్ణే అడగండి. ఆయనకు ఇప్పుడు వేరే సాయం దొరికింది."

"ఏరా బారెంట్, డిష్ అక్కడ పెట్టావేం?"

బారెంట్ అతని ముఖం వైపు చూసి, క్షణం ఆగి, చెట్టు వైపు చేయి చూపించాడు. "కొమ్మ కిందికి దిగింది. సిగ్నల్‌కి అడ్డం. చట్టం కాపాడే చెట్టు, దాని మీద కత్తి వేస్తే పార్కు వాళ్ళు నన్ను జైలుకి పంపుతారు."

కొమ్మ దిగిన మాట నిజమే. దలేనా స్వయంగా చూసింది. అయినా ఆ మధ్యాహ్నం గుడారానికి మోరీన్ వైపున్న గుడ్డ గోడను దించి జిప్పు లాగేసింది.

"ఉక్క పోస్తుంది కదా," అన్నాడు బారెంట్.

"గాలి వస్తోంది," అంది దలేనా. గాలి ఆ వైపు నుంచి రావడం లేదు.

తర్వాతి రోజుల్లో ఆమె కళ్ళు ఒక్కొక్క సంగతే ఏరుకోవడం మొదలుపెట్టాయి. బారెంట్ ఫోను ఎత్తడం లేదు, మోగితే ఆపేసి వేళ్ళతో ఏదో టైపు చేస్తున్నాడు. ఆమె దగ్గరికొస్తే తెర కిందికి పెడుతున్నాడు. రోజూ పొద్దున "నడిచొస్తా" అని వెళ్ళి మోరీన్ గుడారం ముందు కుర్చీలో కూర్చుంటున్నాడు. గుడ్డ గోడకున్న చిన్న ప్లాస్టిక్ కిటికీలోంచి దలేనాకు వాళ్ళు కనిపించేవారు. వాళ్ళ కుర్చీలు పక్కపక్కన ఉండవు. ఎదురెదురుగా ఉంటాయి. మోరీన్ అతని ముఖంలోకి చూస్తూ మెల్లగా మాట్లాడుతుంది. అతను ఆమె ముఖం మీద నుంచి చూపు తిప్పడు. దలేనా ముఖం అతను అలా చూసి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు లేదు.

సాయంత్రం ఇద్దరూ కూర్చుని చూసే సీరియల్ ఒకటుంది. వాళ్ళ ఆఫ్రికాన్స్ భాషదే. నెల రోజులుగా దాని కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. బారెంటే టీవీ సెట్‌టాప్ బాక్సులో మార్చాడు.

"మన భాష మనకి అర్థం కాదా ఏం?" అని అడిగింది దలేనా.

"ఇంగ్లీషు కాస్త మెరుగుపడుతుందని."

"ఈ వయసులో ఇంగ్లీషు ఎవరితో మాట్లాడాలి నువ్వు?"

అతను తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. విననట్టే.

సీరియల్ ఆఖరి భాగం శుక్రవారం. ఆ ఉదయం బారెంట్ స్నానాల గదుల వైపు వెళ్ళినప్పుడు దలేనా పనిముట్ల పెట్టె తెరిచింది. రసమట్టం, దిక్సూచి, కేబులు చుట్టల కింద మీటరు ఉంది. తిప్పి చూసింది. వెనక గోళ్ళ రంగుతో రాసిన ఇంగ్లీషు పేరు. పీటర్. ఆమె వేళ్ళు దాని మీద తిప్పే గుండీలన్నిటి మీదా తిరిగాయి. ఒకదాన్ని పూర్తిగా తిప్పేసింది కూడా. ఎలా తీసిందో అలాగే లోపల పెట్టింది.

కూతురు రొనెల్‌కి ఫోను చేసింది.

"మీ నాన్న దగ్గర ఎవడో పీటర్ వస్తువుంది. అది ఆ డర్బన్ ఆవిడ మొగుడిది, పోయాడట. మొగుడి వస్తువు ఊరికే ఎవరికైనా ఇస్తారా?"

"అమ్మా, అది నువ్వనుకునేది కాదు."

"నేనేమనుకుంటున్నానో నీకెలా తెలుసు?"

"నాన్ననే అడుగు. నేను చెప్పనని మాటిచ్చాను."

"ఓహో. అయితే నీకూ తెలుసన్నమాట."

"అమ్మా..."

"ఆ ఫోనులో గుట్టుగా రాసేది నీకేనా?"

"నాకే. ప్లీజ్ అమ్మా, నాన్న ఎదురుగా కూర్చుని అడుగు."

"ఎదురుగా కూర్చోడానికి ఆయనకి వేరే మనిషుంది," అని దలేనా ఫోను పెట్టేసింది. మంచం కింద నుంచి సంచీ లాగి రెండు గౌన్లు, చెప్పులు అందులో పెట్టింది. ఊరికి బస్సు మధ్యాహ్నం తర్వాత ఉంటుంది.

పన్నెండు దాటాక ఆగ్నేయపు గాలి లేచింది. గుడారం గుంజలు కదిలాయి. నీళ్ళ క్యాను తగిలించినా డిష్ స్టాండు ఒరిగి గడ్డిలో పడింది. టీవీలో బొమ్మ పోయింది.

గాలి తగ్గాక బారెంట్ పనిముట్ల పెట్టె తీసుకుని బయటికి నడిచాడు. స్టాండు లేపి, రసమట్టంతో నిటారుగా ఉందో లేదో చూసి, కేబులు మధ్యలో మీటరు బిగించాడు. వెస్సెల్, ఇంకో ఇద్దరు కప్పులతో వచ్చి చుట్టూ నిలబడ్డారు. దలేనా సంచీ చేతిలో పట్టుకుని గుడారం చుట్టూ తిరిగి వచ్చింది. పదిమంది ముందే చెప్పాలనుకుంది. అతని వెనక, చేయి చాపితే అందేంత దూరంలో ఆగింది.

"బారెంట్. నేను రొనెల్ దగ్గరికి వెళ్ళిపోతున్నా."

వెస్సెల్ కప్పు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. బారెంట్ డిష్ అంచు పట్టుకుని దాన్ని ఒక వేలంత జరిపాడు. వెనక్కి తిరగలేదు.

"మళ్ళీ రాను. విన్నావా?"

అతను ఇంకో వేలంత జరిపాడు.

అప్పుడు మీటరు అరిచింది. మొదట సన్నగా, తర్వాత డిష్ జరిగేకొద్దీ పెద్దగా, చివరికి వరస మొత్తం తలలు తిరిగేంతగా. ఎవరి క్యారవాన్‌లోనో పసిపిల్ల ఏడుపు లంకించుకుంది. వెస్సెల్ రెండు చెవులూ మూసుకున్నాడు. "ఒరేయ్, వచ్చేసింది! ఆపరా నాయనా!"

బారెంట్ ఆపలేదు. ఎండ మీటరు గాజు మీద పడుతోంది. ముల్లు కనిపించక అతను అరచేయి అడ్డం పెట్టి, కళ్ళు చికిలించి, డిష్‌ను సరైన చోటు దాటించేశాడు. అరుపు సన్నబడింది. మళ్ళీ వెనక్కి తిప్పాడు. అరుపు చెవులు చిల్లులు పడేలా లేచింది. అతని ముఖంలో ఏ మార్పూ లేదు. మళ్ళీ దాటించేశాడు.

దలేనా చేతిలో సంచీ గడ్డిలోకి జారింది.

ఆ ఉదయం తాను తిప్పిన గుండీ మీటరు శబ్దాన్ని పెంచేదని ఆమెకు అర్థమైంది. మొదటి రోజు కాఫీకి పిలిస్తే పలకని మనిషి, ఫోను ఎత్తని మనిషి, సీరియల్ కింద అక్షరాలు, ఎదురెదురు కుర్చీలు. అన్నీ ఒక్కసారిగా వేరే వరసలో నిలబడ్డాయి.

"వెస్సెల్, మీరంతా వెళ్ళండి," అంది.

"వదినా, నేను..."

"వెళ్ళండన్నానా!"

వాళ్ళు వెళ్ళాక ఆమె అతని ముందుకు వచ్చి డిష్‌కి, అతనికి మధ్య నిలబడింది. చేయి చాపి మీటరు గుండీ తిప్పింది. నిశ్శబ్దం. బారెంట్ ఆమె చేతిని చూశాడు, తర్వాత గడ్డిలో సంచీని, తర్వాత ఆమె ముఖాన్ని.

"ఇది అరుస్తోంది," అంది దలేనా, ఒక్కో మాటా విడదీసి. "ఇందాకటి నుంచి అరుస్తోంది."

అతను నీళ్ళ క్యాను మీద కూర్చుండిపోయాడు.

"ఎప్పటి నుంచి?" అని అడిగింది దలేనా.

"ఎడమ చెవి పోయి చాన్నాళ్ళయింది. కుడిది మొన్నటి చలికాలంలో పోయింది." అతను చేతులు తుడుచుకున్నాడు. "రైల్వే వర్క్‌షాపులో అన్నేళ్ళు బాయిలర్ల లోపల కూర్చుని సుత్తి కొట్టినవాడికి ఇంకేం మిగులుతుంది? రొనెల్ డాక్టర్ దగ్గర జనవరికి పేరు రాయించింది. చెవికి మిషను పెడతారట. పని చేస్తుందో లేదో."

"ఆవిడకి చెప్పావు. నాకు చెప్పలేదు."

"నేను చెప్పలేదు. ఆవిడే పట్టేసింది. మొదటి సాయంత్రం పలకరించగానే నా ముఖం చూసి కనిపెట్టింది. వాళ్ళాయనా అంతేనట. పెదవులు చూసి మాట పట్టుకోవడం నేర్పుతోంది. ఆఫ్రికాన్స్ రాదు కాబట్టి ఇంగ్లీషులో. మీటరు కూడా ఆయనదే."

"నేను నేర్పలేనా? ఇన్నేళ్ళ పెళ్ళాన్ని, నాకెందుకు దాచావు? నేనేమనుకున్నానో తెలుసా నీకు? సంచీ సర్దుకున్నానయ్యా!"

బారెంట్ చాలాసేపు ఆమె పెదవుల వైపు చూశాడు.

"మా నాన్న రంపపు మిల్లులో చెవులు పోగొట్టుకున్నాడు. నీకు తెలుసు."

"తెలుసు."

"నీకు తెలియనిది ఒకటుంది. మా అమ్మ మొదట్లో అరిచేది. ప్రతి మాటా రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత విసుగొచ్చింది. ఒకరోజు మానేసింది. కంచం ముందు పెట్టేది, వెళ్ళిపోయేది. నాన్న పోయేదాకా ఆ ఇంట్లో ఆయనతో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. బల్ల దగ్గర మేం నవ్వుకుంటుంటే ఆయన కూడా ఊరికే నవ్వేవాడు. నీకు విసుగొచ్చే రోజు రాకూడదనుకున్నా. నువ్వు అరవాల్సిన పనే లేకుండా చేసుకుంటే..."

దలేనా అతని పక్కన గడ్డిలో కూర్చుంది. కన్నీళ్ళు గౌను అంచుతో తుడుచుకుంది. ఏదో అనబోయి, తాను పక్కన ఉన్నానని, అతనికి ముఖం కనిపించదని గుర్తొచ్చి, మోకాళ్ళ మీద జరిగి ఎదురుగా వచ్చింది.

"పిచ్చి ముసలోడా. అరవడానికే కదయ్యా నేను ఏటా ఇక్కడికొచ్చేది."

అతనికి నవ్వొచ్చింది, ఏడుపుతో కలిసి.

ఆమె లేచి గుడారంలోకి వెళ్ళింది. మోరీన్ వైపు గుడ్డ గోడ జిప్పు కింది నుంచి పైదాకా లాగేసి, గుడ్డను చుట్టి కట్టేసింది. టీవీని బల్లతో సహా ఆ తెరిచిన వైపుకి జరిపి, తెర తనవైపు తిప్పుకుంది. ఇప్పుడు ఆమెకు తెర కనిపిస్తోంది. డిష్ దగ్గర బారెంట్‌కి ఆమె కనిపిస్తోంది. వాళ్ళకు అవతల తన కుర్చీలోంచి మోరీన్ లేచి నిలబడింది. దలేనా ఆవిడ వైపు ఒక క్షణం చూసి, కాఫీ కప్పు ఎత్తి చూపించి, రమ్మన్నట్టు తల ఊపింది.

తర్వాత క్యారవాన్ వెనక్కి పెట్టేటప్పుడు నిలబడేలాగే కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. అరచేయి పైకెత్తింది.

బారెంట్ డిష్ జరిపాడు. గీత కదిలింది. ఇంకా, అని చేయి చెప్పింది. ఇంకా. కొంచెం వెనక్కి. చేతులతో పాటు ఆమె నోరు కూడా ఊరుకోలేదు. "పెరుగుతోంది... పెరుగుతోంది..." వరస చివరి నుంచి వెస్సెల్ కేక వేశాడు. "అమ్మయ్య, కచేరీ మొదలైంది!"

"ఆగు!" అని అరిచి దలేనా చేయి దించింది. అప్పటికే డిష్ ఆగిపోయింది. తెర మీద బొమ్మ నిలబడింది.

బారెంట్ మర బిగించి వచ్చి, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

"నేను చేయి దించకముందే ఆపేశావు," అంది ఆమె, అతనికి ఎదురుగా తిరిగి. "ఎలా తెలిసింది?"

"నువ్వు ఆగు అన్నావుగా," అన్నాడు బారెంట్. "చూశాను."