ఖాళీ గదిలో లైటు

"వెనక గదిలో మళ్లీ లైటు వెలుగుతోందండీ," అన్నాడు కరెంటు ఇన్‌స్పెక్టర్, గుమ్మంలో గొడుగు దులుపుతూ.

"మొదటిసారి బల్లి అన్నారు. రెండోసారి ఎలుక అన్నారు. ఈసారి ఏనుగంటారా?" టైలరమ్మ మిషన్ తొక్కడం ఆపలేదు.

"చూశాక చెప్తాను."

కరెంటు పొదుపు చట్టం వచ్చాక ప్రతి దుకాణంలోనూ స్విచ్చులు పీకేసి సెన్సార్లు పెట్టారు. మనిషి కదిలితేనే లైటు వెలగాలి. ఖాళీ గదిలో వెలిగితే మీటరే ఆఫీసుకు కబురు పంపుతుంది. మొదటి రెండుసార్లూ అతను దుకాణంలో అడుగుపెట్టగానే లైటు ఆరిపోయింది. మూడోసారీ వెలిగి, అతను వచ్చాక కూడా ఆరకపోతే దుకాణానికి కరెంటు తీసేయాలి. అతను వానలో వచ్చింది ఆ పనికే. బయలుదేరే ముందు రెండుసార్లు తల దువ్వుకోవడం మాత్రం చట్టంలో లేదు.

"మిషన్లు ఆగితే నలుగురం రోడ్డున పడతాం," అంది ఆమె, వెనక గది తాళం తీస్తూ. గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

అది ఆమె తండ్రి బట్టలు కత్తిరించే గది. ఆయన పోయి ఏడాదైంది. బల్ల మీద కత్తెర, సుద్దముక్క, పక్కన ఆయన స్టూలు. సరిగ్గా స్టూలు మీదే లైటు వెలుగుతోంది. కిటికీ మూసే ఉన్నా, మేకుకు వేలాడే కొలతల టేపు మెల్లగా ఊగుతోంది.

ఇన్‌స్పెక్టర్ బల్ల ఎక్కి సెన్సార్ వైరు పీకాడు. లైటు ఆరలేదు. వైరు చేతిలోనే ఉంది.

"మీ నాన్నగారికి లైట్లంటే ఇష్టమా?"

"ఇష్టమా? ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. 'పనైపోయాక లైటెందుకే' అంటూ మా వెనకాలే వచ్చి ఆర్పేసేవారు. కారణం లేకుండా ఒక్క యూనిట్ కాల్చరు."

"మరి ఇప్పుడేం కారణం?"

ఆమె తలొంచుకుంది. "ఇది వెలిగినప్పుడల్లా మీరొస్తున్నారు కదా. పిలవకుండా మీరు రారు. నేనేమో పిలవలేను."

అతను బల్ల దిగి స్టూలు వైపు తిరిగాడు. భయంగానే ఉంది. అంతకన్నా సంతోషంగా ఉంది.

"మావయ్యగారూ, ఇక మీరు కబురు పెట్టక్కర్లేదు. మీ అమ్మాయికి ఇష్టమైతే నేనే వస్తాను."

"అప్పుడే వరస కలిపేశారే," అంది ఆమె.

"కలపొద్దా?"

"నేను వద్దన్నానా?"

టేపు ఊగడం ఆగింది. గోడ దగ్గర ఎవరో స్విచ్ నొక్కినట్టు టక్కుమంది. లైటు ఆరిపోయింది. ఆ గోడకు స్విచ్ లేదు. పీకేసిన చోట సిమెంటు పూసి ఉంది.

మసక వెలుతురులో ఆమె చెయ్యి అతని చేతిని వెతికి పట్టుకుంది.

"పనైపోయిందంటున్నారు," అంది.